తాళం పడిన వాకిట్లో ముగ్గు

మా గల్లీ పెద్దమ్మ పోయింది. మొన్న జక్రాన్‌పల్లిలో అమ్మగారింటికి పసుపు పనికి పోయి తిరిగొస్తున్నాను. ఆర్మూర్ బస్టాండులో దిగగానే తెలిసిన ఆటో అతను చెప్పాడు. "మీ పెద్దమ్మ పొద్దుగాల పోయింది గదక్కా. ఛాతిల నొప్పన్నదంట. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయిందంట." సంచి ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చున్నాను. ఇల్లు చేరేసరికి నా వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి ఉంది. మధ్యలో నేను రోజూ వేసే ముగ్గే ఉంది. వేసింది మాత్రం ఆమె. ఆ పొద్దున ఆమె చేసిన చివరి పని అదేనని పక్కింటివాళ్లు చెప్పారు.

ఆమె నాకు చుట్టం కాదు. ఎదురింటి మనిషి. గల్లీ అంతటికీ పెద్దమ్మ. ఆమె నా వాకిట్లో ముగ్గెందుకు వేసిందో చెప్పాలంటే ముందు దొంగల సంగతి చెప్పాలి.

కొన్నేళ్ల కింద మా వైపు దొంగల భయం ఇంతా అంతా కాదు. పేపరు తెరిస్తే తాళం వేసిన ఇంట్లో చోరీ. బస్టాండు దగ్గర మోటార్‌సైకిల్ మాయమైందని ఒకరోజు, ఎవరి మెడలోనో గొలుసు తెంపుకుపోయారని ఇంకోరోజు. మెండోర చుట్టాలొచ్చినా, ధర్పల్లి చుట్టాలొచ్చినా మంచినీళ్లు తాగకముందే ఇవే ముచ్చట్లు. మా గల్లీలో చాలా ఇళ్ల మగవాళ్లు గల్ఫులో ఉంటారు. ఆడవాళ్లం బీడీలు చుట్టుకుంటూ పిల్లలతో ఉంటాం. పసుపు తవ్వి ఉడకబెట్టే రోజులొస్తే మేమూ ఊళ్లకు పోతాం. గల్లీ నిండా తాళాలే. దొంగకు అంతకన్నా ఏం కావాలి?

అట్లా ఒకసారి ఊరి నుంచి వచ్చేసరికి నా ఇంటి తాళం విరగ్గొట్టి ఉంది. కమ్మలు పోయాయి. మా ఆయన దుబాయి నుంచి తెచ్చిన టేప్‌రికార్డర్ పోయింది. అందులో ఆయన మాట్లాడి పంపిన క్యాసెట్ ఉండేది. పిల్లలు నిద్రపోయే ముందు అది వినేవాళ్లు. కమ్మలకు ఏడుపు రాలేదు కానీ, ఆ క్యాసెట్ తలుచుకుని ఏడ్చాను.

విచారణకు వచ్చిన కానిస్టేబుల్ వాకిట్లో నిలబడి, "ముగ్గు లేదు, నీళ్లు లేవు, చెత్త పేరుకపోయింది. ఇంట్ల ఎవ్వలు లేరని మీ వాకిలే చెప్తున్నది గదమ్మా" అన్నాడు. మాకు కోపం వచ్చింది. మూలింట్లో అద్దెకుండే హమాలీ మీద అనుమానమని ఎవరో అన్నారు. అందరం తలూపాం. పెద్దమ్మ ఒళ్లోని బీడీల చాట పక్కన పెట్టి లేచింది. "ఎవ్వలన్న కండ్లతోని చూసిండ్రా? చూడనిది నోటితోని అనకుండ్రి. దొంగను పట్టుడు పోలీసోళ్ల పని. దొంగకు ఇల్లు దొరకకుండ చూసుకునుడు మన పని." ఆ హమాలీ ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నాడు. నిన్న ఆమె శవపేటిక మోసినవాళ్లలో అతనూ ఒకడు.

మా ఆయన ఫోన్‌లో ఇల్లు ఖాళీ చేసి అమ్మగారింటికి పొమ్మన్నాడు. నాకూ అదే మంచిదనిపించింది. చీకటి పడితే చాలు, తలుపుకు అడ్డంగా మంచం జరుపుకుని మేలుకునే ఉండేదాన్ని. పిల్లల బడి, నా బీడీ పని, నాకంటూ ఉన్న ఆ రెండు గదులు, అన్నీ వదులుకుని బట్టలు మూట కట్టాను. పెద్దమ్మ వచ్చి ఆ మూట మీదే కూర్చుంది.

"నువ్వు పోతె ఇంకో ఇంటికి తాళం పడ్తది బిడ్డా. తాళాలు ఎక్కువైతె దొంగలు గూడ ఎక్కువైతరు. ఫికర్ జేయకు. నువ్వు ఊరికి పోయిన్నాడు నీ వాకిలి నేను చూసుకుంట."

నేను పోలేదు. ఆనాడు పోయి ఉంటే ఈ ఊరూ, ఈ బతుకూ నాకు ఉండేవి కావు.

ఆమె చర్చికి పోయే మనిషి. తన ఇంటి ముందు ఏనాడూ ముగ్గు వేసి ఎరగదు. అయినా తాళం పడిన ప్రతి ఇంటి ముందూ ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు వేయడం మొదలుపెట్టింది. తాళం కనబడకుండా తలుపు మీద ఓ పాత చీర ఆరేసేది. ఆమెకు వచ్చింది ఒక్కటే ముగ్గు, అదీ వంకర పువ్వు. ఎవరు ఊరికి పోయినా అదే పువ్వు. ఒకరోజు నవ్వు ఆపుకోలేక, "పెద్దమ్మా, గా వంకర పువ్వు యాడుంటె గా ఇంటికి తాళం ఉన్నట్టే. దొంగకు నువ్వే నిశాని పెడ్తున్నవు" అన్నాను. చెంపలేసుకుంది. "అయ్యో, నా తెలివి తెల్లారినట్టే ఉంది. అయితె ఎవరి ముగ్గు వాళ్లు నేర్పుండ్రి."

అప్పటి నుంచి మా గల్లీలో ఊరికి పోవాలంటే అదొక పని. తాళంచెవి ఆమె చేతికిచ్చి, మన ఇంటి ముగ్గు వేసి చూపించాలి. చాటలో బీడీల తంబాకు పరుచుకుని, వేలితో గీస్తూ నేర్చుకునేది. నా పద్మం ఆమెకు చాలా రోజులు కుదరలేదు. "నీ పువ్వు నా పానం తీస్తున్నది" అని తిట్టుకుంటూనే గీసేది.

చర్చివాళ్లు ఎవరో మనకెందుకీ ముగ్గులన్నారట. "పక్కింటోళ్లను చూసుకొమ్మని దేవుడే చెప్పిండు గద. ఎట్లనో మాత్రం చెప్పలేదు. నేను గిట్ల చూసుకుంటున్న" అందట.

ఆ తర్వాత మా గల్లీలో దొంగతనమే జరగలేదంటే అబద్ధం. ఒక సైకిల్ పోయింది, ఆరేసిన గల్ఫు దుప్పటి పోయింది. చుట్టుపక్కల పెద్ద చోరీలే జరిగాయి. కానీ మా తాళాలు మళ్లీ విరగలేదు. అది ముగ్గు మహిమో, పొద్దస్తమానం గడపలో కూర్చుని వచ్చేపోయేవాళ్లను "ఎవ్వలు గావాలె?" అని అడిగే ఆమె గొంతు మహిమో నాకు తెలియదు. నాకు మాత్రం నిద్ర పట్టింది.

నిన్న అంత్యక్రియలయ్యాక ఆమె బిడ్డ అత్తగారి ఊరికి పోతూ ఇంటికి తాళం వేసి, చెవి నా చేతికిచ్చింది. "మా అమ్మ తీరుగనే మీరు చూడుండ్రక్కా" అంది.

ఈ పొద్దున లేచి నేనూ, పక్కింటామె కలిసి పెద్దమ్మ వాకిలి ఊడ్చి నీళ్లు చల్లాం. ముగ్గు గిన్నె పట్టుకుని ఏ ముగ్గు వేయాలా అని నిలబడిపోయాం. ఎవరి వాకిలి వాళ్లు ఉన్నప్పటిలాగే ఉండాలని కదా ఆమె అన్ని ముగ్గులు నేర్చుకుంది! ఆమె వాకిట్లో ముగ్గు ఉండదు. గిన్నె పక్కన పెట్టి, తాళం మీద ఆమె చీర ఆరేశాను. ఆమె చాట తెచ్చి, అందులో బీడీలు చుట్టే తునికాకులు కొన్ని పెట్టి, ఎప్పటిలా గడప పక్కన పెట్టాను.

చాట ఇప్పుడు అక్కడే ఉంది. కొత్తవాళ్లెవరైనా గల్లీలోకి వస్తే, పెద్దమ్మ మంచినీళ్లకు లోపలికి పోయిందనుకుంటారు.