డీజిల్ అందని లారీ

దొంగ అనే మాట తన మీద వాలకుండా రాజప్ప ముప్పై ఏళ్ళకు పైగా లారీ నడిపాడు. డ్రైవరన్నవాడికి అది చిన్న సంగతి కాదు. యజమాని కళ్ళు కప్పి ఏ దాబా వెనకో క్యానెడు డీజిల్ పిండుకుని, లోటు తెలియకుండా కిరసనాయిలు పోసేవాళ్ళు ఆ దారిలో ఎప్పుడూ ఉన్నారు. రాజప్ప ఆ జోలికి పోలేదు. మహా గుణవంతుడని కాదు. ఇంజను శబ్దం కాస్త మారితే చాలు, అతను బండి పక్కకు ఆపి బానెట్టు ఎత్తేవాడు.

మీసాలు రాకముందే మత్తూరు పెద్దప్ప అనే ఓనరు లారీలో క్లీనరుగా ఎక్కాడు. ఆ పెద్దప్పే స్టీరింగు చేతికిచ్చాడు. ఆయన పోయాక లారీలు కొడుకు అనంతకుమార్ కిందికి వచ్చాయి. చిన్నప్పుడు రాజప్ప ఒడిలో కూర్చుని హారన్ కొట్టిన పిల్లవాడే అతను. "అన్నా" అని పిలిచేవాడు. ఓనరయ్యాక కూడా ఆ పిలుపు మానలేదు. మనిషి మాత్రం జాగ్రత్తపరుడు. డీజిల్ ట్యాంకు పాత మూత వదులైందని, రాత్రిపూట ఎవరైనా లాగేస్తారని, తాళం పడే కొత్త మూత బిగించాడు. తాళంచెవి రాజప్పకే ఇచ్చాడు.

ఆయుధపూజ వెళ్ళిన కొద్దిరోజులకు లారీ మొదటిసారి మొండికేసింది. ఊత్తంగరై తోటల టమోటా వేసుకుని బెంగళూరు పోతుంటే, కృష్ణగిరి దాటాక ఎత్తులో గొంతు తడారిన మనిషిలా దగ్గి దగ్గి ఆగిపోయింది. స్టార్టర్ తిరుగుతోంది, బ్యాటరీలో బలముంది, ఇంజను మాత్రం అందుకోదు. ఇంజనులోకి డీజిలు ఎక్కించే చేతిపంపు నొక్కితే బొత్తాం కిందికి పోయి అక్కడే అతుక్కుపోతోంది, పైకి లేవదు. దిక్కు తోచక రాయి మీద కూర్చుని చాలాసేపటికి మళ్ళీ తాళం తిప్పితే ఏమీ ఎరగనట్లు లేచింది.

బెంగళూరు దారిలోని జూజువాడిలో డీజిల్ పనికి పురుషోత్తంను మించినవాడు లేడని పేరు. ఆయన ముందు ట్యాంకు మూత తీసి, సీసాలోకి కాస్త డీజిల్ పట్టి, వెలుతురుకెత్తి చూశాడు. నీళ్ళు లేవు. ఫిల్టరు మార్చాడు. తాళం తిప్పగానే లేచింది. నాలుగు రోజులకు మళ్ళీ ఆగింది. ఈసారీ మూత తీసి చూసి, పైపుల దగ్గర గాలి చొరబడుతోందేమోనని వాషర్లు మార్చాడు. లేచింది. మళ్ళీ ఆగింది.

"ఏమప్పా రాజప్పా, నా మింద ప్రేమ నీకా, నీ లారీకా?" అన్నాడు పురుషోత్తం.

"లారీకేప్పా. నీ చెయ్యి పడితే లేస్తాది. దారిలో నా చేతికి లేయదు. పెండ్లాం పుట్టింటికి పోయినట్ల ఈడికొస్తా ఉండాది."

నవ్వాడే గాని రాజప్పకు నిద్ర పట్టడం లేదు. ఆగిన ప్రతిసారీ మార్కెట్టు వేళ తప్పి, మెత్తబడిన టమోటాను అడిగినంతకు దులిపేసుకోవలసి వచ్చింది. మెకానిక్ దగ్గర బాగుండి దారిలో మాత్రమే చెడే బండిని ఎవరు నమ్ముతారు? చెడేది బండి కాదు, మనిషి అనుకుంటారు.

అనంతకుమార్ అలాగే అనుకున్నాడు. తర్వాతిసారి లారీ జూజువాడి చేరుతూనే, పురుషోత్తం షెడ్డు మలుపులోనే ఆగిపోయింది. రాజప్ప ఫోను చేస్తే అనంతకుమార్ కారేసుకుని వచ్చాడు.

"రాజప్పా," అన్నాడు. అన్నా అనే పిలుపు లేదు. "డీజిల్లో ఏం కలపతా ఉండావు?"

"ఏంది నువ్వనేది?"

"నేనడిగేది నువ్వు చెప్పు. ఫిల్టరు కొత్తది, వాషర్లు కొత్తవి. మిగిలింది డీజిలు. డీజిలు నీ చేతిలో ఉండాది, తాళంచెవి నీ జోబీలో ఉండాది."

"సీసాలో పట్టి సూసినాడు గదప్పా పురుషోత్తం. తేటగా ఉన్నింది."

"ఈడికొచ్చేటప్పటికి తేటగానే ఉంటాది." అనంతకుమార్ మెకానిక్ వైపు తిరిగాడు. "నువ్వు ఈ పొద్దు బండిలో లోపం సూపించు. లేదంటే ఆ తాళాలు ఈడ పెట్టేసి ఆయప్ప బస్సెక్కి ఇంటికి పోవచ్చు."

పురుషోత్తం ఈసారి తొందరలో మూత జోలికి పోకుండా నేరుగా చేతిపంపు నొక్కాడు. బొత్తాం కిందే అతుక్కుపోయింది. ఎన్నాళ్ళుగానో రాజప్ప చెబుతున్న ఆ సంగతి ఆయన కళ్ళతో చూడడం అదే మొదలు. కాసేపు దాన్నే చూసి, లేచి ట్యాంకు దగ్గరికి నడిచాడు.

"ఎవురూ మాట్లాడొద్దండి," అని రాజప్ప ఇచ్చిన తాళంచెవితో మూత మెల్లగా తిప్పాడు.

ఉస్సుమని గాలి లోపలికి పోయింది. నీళ్ళలో మునిగినవాడు పైకి తేలి ఊపిరి లాగినట్లుంది ఆ చప్పుడు. "ఇప్పుడు తాళం తిప్పు," అన్నాడు. చేతిపంపు నాలుగుసార్లు నొక్కేసరికి ఇంజను లేచింది.

"డీజిలు పోయే కొద్దీ ట్యాంకులోకి గాలి రావల్ల. దానికి మూతలో ఒక బొక్క ఉంటాది. అది మూసుకునింది. లోపల గాలి లేక డీజిలు ముందుకు రాకుండా ఉండాది. నేను సూసేదానికని మూత తీస్తా ఉంటి, గాలి పోతా ఉండె, బండి లేస్తా ఉండె. నా తెలివి తెల్లారినట్లే ఉండాది!" అంటూ మూత తిరగేసి సూది గుచ్చాడు. గట్టిపడిన పసుపు ముద్ద పొడిపొడిగా రాలింది.

రాజప్ప ఆ పసుపును గుర్తుపట్టాడు.

పురుషోత్తం అతని ముఖం చూశాడు. "దుమ్ము," అన్నాడు.

"పచ్చగుండాదే దుమ్ము? ఎవురు పెట్టింది?" అన్నాడు అనంతకుమార్.

కాళమ్మ పెట్టింది. రాజప్ప భార్య. ఏటా ఆయుధపూజకు లారీ ఇంటి ముందుకొస్తే ఆమె చక్రాలకు, బానెట్టుకు, చివరికి డీజిల్ మూతకు పసుపు పూసి బొట్టు పెడుతుంది. లారీ అన్నం తినే నోరు అదేనని ఆమె లెక్క. పాత మూత వదులుగా ఉండి పక్కల నుంచి గాలి పీల్చుకునేది గనుక ఏమీ కాలేదు. ఈ ఏడు కొత్త మూత గదా అని ఇంకాస్త దట్టంగా పూసింది. పక్కన నిలబడి గిన్నె పట్టుకున్నది రాజప్పే. "ఈడ కూడా పెట్టు" అని వేలితో చూపించింది కూడా అతనే.

"మా ఇంటిది," అన్నాడు రాజప్ప. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. "నేను వద్దంటే ఇనలా."

అనంతకుమార్ పకపకా నవ్వాడు. ఆ నవ్వులో కోపమంతా కొట్టుకుపోయింది. "వదినమ్మ బండికి ఊపిరాడకుండా చేసిందా! సరేలేన్నా, పో, లోడు మెత్తబడకముందే పో," అని భుజం తట్టాడు.

మర్నాడు ఇల్లు చేరాక కాళమ్మ అడిగింది. అక్క కూతురే గనుక పెళ్ళికి ముందు నుంచీ ఆమెకు అతను మామే. "ఏమి లోపమంట మామా?"

చెప్పాడు. వద్దంటే వినలేదన్న మాట కూడా దాచలేదు. ఆమె గిన్నెలో రాగి ముద్ద కలుపుతూ ఆగింది.

"నువ్వు వద్దన్నావా?"

"లేదు."

"నువ్వే గదా సూపించింది."

"అవును."

కాళమ్మ ముద్ద అతని కంచంలో పెట్టింది. "ఆడ నిన్ను దొంగ అంటా ఉంటే ఏదో ఒకటి అనేస్తావులే. తిను," అంది. తిట్టి ఉంటే రాజప్పకు ఆ ముద్ద దిగేది.

కథ అతని కంటే ముందే పాకింది. లోడింగు దగ్గర డ్రైవర్లు కాచుకుని ఉన్నారు. "రాజప్పన్నా, మీ ఇంటామె నీ ముక్కుకూ పసుపు పూసేస్తాది, బద్రం!" అన్నాడొకడు. అందరూ విరగబడి నవ్వారు. అనంతకుమార్ కూడా అక్కడే ఉన్నాడు.

రాజప్ప టీ గ్లాసు కింద పెట్టాడు. "ఇనండప్పా. ఆమె తప్పేం లేదు. గిన్నె పట్టుకునింది నేను. ఆడ పెట్టమనింది నేను. వద్దన్నానని నేను చెప్పింది అబద్ధం."

నవ్వు ఆగింది. అనంతకుమార్ లేచి వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"సూసినారా? ఇంటి ఆడమనిషిని సూసి నలుగురు నవ్వతా ఉంటే తప్పు తన మింద ఏసుకుంటా ఉండాడు. మా నాయన ఊరికే స్టీరింగు ఇయ్యలేదు ఈయప్పకి."

"అది కాదప్పా, నిజంగానే నేను..."

"తెలుసులేన్నా, తెలుసు."

తక్కినవాళ్ళు తలలూపారు. ఒకడు ఇంకో టీ చెప్పాడు. రాజప్ప ఒకరి తర్వాత ఒకరి ముఖం చూశాడు. అందరి కళ్ళలోనూ మర్యాదే ఉంది. ఆ మర్యాద అతనికి దక్కింది, తప్పు మాత్రం కాళమ్మ మీదే ఉండిపోయింది. లోడు కట్టడం అయిపోయిందని ఎవరో కేకేశారు. అతను పైకెక్కి తాళం తిప్పాడు. లారీ ఒక్క తిప్పుకే లేచింది.