కట్ట తెగని ఏడాది

పోయిన నెల మా బావగారి జ్ఞాపకార్థ కూడికకి వత్సవాయి పక్కన వాళ్ల ఊరు వెళ్లాను. బావగారంటే మా అక్క భర్త. ఇరిగేషన్ శాఖలో ఇంజినీరుగా చేసి, రిటైరయ్యాక ఆ ఊళ్లోనే ఉండిపోయారు. ప్రార్థన అయ్యాక పాస్టరుగారు, ఆయన గురించి సాక్ష్యం చెప్పాలనుకున్నవాళ్లు ముందుకి రావచ్చన్నారు. ఒకాయన బావగారి పాట గురించి చెప్పారు, ఒకావిడ తన కొడుకు కాలేజీ ఫీజు కట్టిన సంగతి చెప్పి కళ్లు తుడుచుకుంది, ఆయనతో కలిసి పనిచేసిన పెద్దమనిషి ఒకరు చాలా నిజాయితీపరుడండీ అన్నారు గాని, ఆ నిజాయితీకి ఆయన ఏం పోగొట్టుకున్నారో చెప్పకుండానే కూర్చున్నారు. నేను లేవలేదు. ఏడుపు కూడా రాలేదు. ఆ విషయంలో నా మనసు ఎప్పుడో మొద్దుబారిపోయింది. ఇంటికొచ్చాక మాత్రం, ఎవరూ చెప్పని ఆ సంగతి కనీసం నా ఈడువాళ్లకైనా చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

మాది జగ్గయ్యపేట. నాన్నగారు పేపరు ఏజెంటు. ఆ రోజుల్లో మా వైపు ఏజెంటే విలేకరి కూడా; పొద్దున్నే బస్టాండులో బండిళ్లు దింపుకుని పేపర్లు పంచేదీ ఆయనే, సాయంత్రం ఊళ్లో సంగతులన్నీ తెల్లకాగితాల మీద రాసి పంపేదీ ఆయనే. ఆయనకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక, ఆయన చెప్తుంటే నేను రాయడం మొదలుపెట్టాను, కొన్నాళ్లకి ఆయన చెప్పకుండానే రాయడం అలవాటైంది. ఆడపిల్ల విలేకరా అని ఎవరూ ఆశ్చర్యపోలేదు, ఎందుకంటే ఎవరికీ తెలియదు. పేపర్లో పేరు ఉండేది కాదుగా. తర్వాత నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరి అక్కడికి మారితే, అక్కడి వార్తలూ నన్నే పంపమన్నారు.

వార్తలు పంపడమంటే ఇప్పటి పిల్లలకి చెప్పినా అర్థం కాదు. కవర్లో పెట్టి, అంటించి, బెజవాడ బస్సు కండక్టరు చేతికివ్వాలి. ఆయన దాన్ని డ్రైవరు ముందున్న అద్దం దగ్గర పెట్టేవారు. అక్కడ బస్టాండులో మా పేపరు మనిషి వచ్చి తీసుకునేవాడు. కంచికచర్ల దగ్గర బస్సు చెడిపోయిందంటే ఆ రోజుకి నందిగామలో ఏమీ జరగనట్టే. మరీ తొందరైతే ఎస్టీడీ బూతులోంచి ఫోన్లో చదివి వినిపించాలి. అప్పుడు బూతులో వంతు కోసం నిలబడ్డవాళ్లంతా పేపరు కంటే ముందే వార్త వినేసేవాళ్లు, ఒక్కోసారి పేర్లు తప్పు చదివితే సర్దేవాళ్లు కూడా.

బావగారు వాళ్ల ఇంట్లో మొట్టమొదటి గవర్నమెంటు ఉద్యోగి. వాళ్లమ్మా నాన్నా కూలికెళ్లి చదివించారు. ఆయన పుట్టింది ఒక చెరువు కట్ట కింది కాలనీలో, మా నాన్నమ్మా అంతే, అందుకే మాకు సంబంధం కుదిరింది. ఆదివారం ఆరాధనయ్యాక నేను అక్కావాళ్లింటికి భోజనానికి వెళ్లేదాన్ని. కోడికూర వండి అక్క కొసరి కొసరి వడ్డించేది. అన్నేళ్లలో ఆ ఇంట్లో ఆఫీసు మాట ఒక్కటి వినలేదు నేను. నేను పేపరుకి రాస్తానని ఆయనకి తెలుసు, ఆయన ఆఫీసులో వార్తలుంటాయని నాకు తెలుసు, ఇద్దరం వంకాయల రేటు గురించి మాట్లాడుకునేవాళ్లం.

ఆ ఏడు వానలు విడవకుండా కురిశాయి. ఒక ఆదివారం బావగారు అన్నం దగ్గర కూర్చుని, కలిపిన ముద్ద అలాగే వదిలేసి చెయ్యి కడుక్కున్నారు. అక్క ఏంటని అడిగితే ఒంట్లో బాలేదన్నారు. తర్వాత నన్ను బస్టాండులో దింపుతానని స్కూటరెక్కించుకుని, బస్టాండు దాటించి, ఒక పెద్ద చెరువు దగ్గరికి తీసుకెళ్లారు. ఆ చెరువు పేరు రాయను, ఇప్పుడు రాసినా ఎవరికీ ఉపయోగం లేదు. చెరువు అంచులదాకా నిండి ఉంది. కట్ట వెనకవైపు దిగి, అడుగున నీళ్లు ఊరుతున్న చోటు చూపించారు. అవి ఎర్రగా, టీనీళ్లలా ఉన్నాయి. తేటనీళ్లు ఊరితే భయం లేదమ్మా, ఏ కట్టకైనా కాస్త ఊట ఉంటుంది, మట్టినీళ్లొస్తున్నాయంటే లోపల్నించి కట్ట కరిగిపోతోందని అర్థం అని చెప్పారు. అక్కడ నిలబడి చూస్తే కాలనీ ఇళ్లు కనిపిస్తున్నాయి. చర్చి మీద సిలువ కనిపిస్తోంది. ఎవరో బట్టలు ఆరేస్తున్నారు.

ఆయన పైవాళ్లకి చెప్పారట. నీళ్లు వదిలి చెరువు దించాలని ఈయనే అడిగారట, వాళ్లు ఒప్పుకోలేదట. దించితే కింద వరికి చివర్లో నీళ్లుండవు, రైతులు ఊరుకోరు, పైగా కట్ట పనులు ఆ ఎండాకాలమే చేయించారు కాబట్టి ఎవరు చేయించారన్న ప్రశ్న వస్తుంది. అందుకని వానలు తగ్గేదాకా చూద్దాం, ఈ మాట ఆఫీసు గడప దాటకూడదు అని అందరికీ గట్టిగా చెప్పారట.

నేను ఒకటే అడిగాను. "రాస్తే మీ పేరు బయటికొస్తుంది బావగారూ."

"నా పేరు రాయొద్దమ్మా. నీళ్ల సంగతి రాయి, చాలు."

బూతులోంచి బెజవాడకి ఫోన్ చేశాను. డెస్కులో మా ఇన్‌ఛార్జి గారు మెత్తని మనిషి కాదు. ఎవరు చెప్పారని అడిగారు, చెప్పనన్నాను, ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు. నువ్వు కళ్లతో చూశావా అన్నారు. చూశానన్నాను. అధికారిని అడిగావా అన్నారు. లేదన్నాను. అయితే పొద్దున్నే వెళ్లి అడుగు, వాళ్ల మాట లేకుండా ఈ వార్త నేను పెట్టను, పెడతామని కూడా వాళ్లకి ముందే చెప్పు, మనుషుల ప్రాణాలకి సంబంధించింది కాబట్టి వాళ్లు చెయ్యాల్సింది చెయ్యడానికి వాళ్లకో పూట ఉండాలి అన్నారు. ఆ మాట నాకు చాలా ఏళ్లు పాఠంలా ఉండిపోయింది.

మర్నాడు స్కూలుకి సెలవు పెట్టి పెద్ద ఇంజినీరు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన అబద్ధమాడలేదు, అరవలేదు, కుర్చీ చూపించి కాఫీ తెప్పించారు. మీరు రాస్తే ఏమవుతుందో ఆలోచించారా అని అడిగారు. కాలనీవాళ్లు వానలో పిల్లల్నేసుకుని రోడ్డున పడతారు, పొలాలవాళ్లు తూములు తియ్యనివ్వరు, రెండు పక్షాలూ కట్ట మీద కొట్టుకుంటాయి, తమ ఇళ్లు మిగలాలని ఎవరో ఒకరు ఇంకోవైపు గండి కొడతారు, అప్పుడు నిజంగానే పోతుంది, నాలుగు రోజులు ఆగండమ్మా, నెమ్మదిగా దించుకుంటాం అన్నారు. అందులో నిజం లేకపోలేదు. ఆ కాఫీ తాగుతూ నేను దాన్ని కాదనలేకపోయాను. కాని నాలుగు రోజుల్లో దించాలనుకున్నవాళ్లు నిన్నటిదాకా ఎందుకు దించలేదని అడిగితే ఆయన కిటికీలోంచి వాన వైపు చూశారు. వార్త రేపటి పేపర్లో వస్తుందండీ, మీ మాట కూడా ఉన్నదున్నట్టు వేస్తాం అని చెప్పి లేచాను.

ఆ సాయంత్రం ఇన్‌ఛార్జి గారూ నేనూ ఫోన్లో ఆ వార్తని వాక్యం వాక్యం రాసుకున్నాం. కట్టలో ఏ చోట ఊరుతోందో రాయలేదు, జనం పలుగులతో అక్కడికి పోకూడదని. గండం, ముంపు, వణుకు లాంటి మాటలేవీ వాడలేదు. చూసింది రాశాం, అధికారి అన్నది రాశాం, కాలనీవాళ్లు కొన్నాళ్లు హైస్కూలు బిల్డింగులో ఉండటం మంచిదని రాశాం. బూతులో ఆ వేళ వంతు కోసం నిలబడ్డవాళ్లు అంతా విన్నారు, రాసింది నేనేనని అలాగే బయటికి తెలిసింది.

చీకటి పడేలోపే తూములు తీశారని తర్వాత తెలిసింది. పొద్దున పేపరొచ్చేసరికి కాలనీవాళ్లు సామాన్లు నెత్తిన పెట్టుకుని స్కూలుకి నడుస్తున్నారు. ఇసుక బస్తాల లారీలొచ్చాయి. పోలీసులొచ్చి కట్ట మీద కాపలా కూర్చున్నారు. చెరువు దిగింది. కట్ట నిలబడింది.

అదే మా తప్పయింది. వానలు వెలిశాక జనం ఇళ్లకెళ్లారు, వెళ్లి చూసుకుంటే గోడలు గోడల్లాగే ఉన్నాయి. ఊరికే భయపెట్టారన్నారు. చివరి పొలాలవాళ్లకి గింజ పట్టే సమయంలో నీళ్లందక పైరు తాలుపోయింది, వాళ్లయితే నా మొహం చూసేవాళ్లు కాదు. కాలనీలో మా దూరపు చుట్టం ఒకావిడ కూడా, ఏమ్మా, కట్ట తెగలేదుగా అని నవ్వుతూ అడిగింది. తెగనందుకు సంతోషించాలో, సిగ్గుపడాలో తెలియలేదు. కట్ట ఎందుకు తెగలేదో చూపించడానికి నా దగ్గర ఏముంది?

తర్వాత ఎంక్వైరీ వేశారు, కట్ట మీద కాదు, బయటికి చెప్పినవాడి మీద. నన్ను పిలిచి అడిగారు. చెప్పనన్నాను. కాని స్కూటరు మీద ఇద్దర్ని ఎవరో చూశారు. బావగారి మీద అనుమానమొచ్చింది. ఆయన కాకపోతే, ఆ తూములు చూసుకునే లస్కరు మీద. అతను టెంపరరీ మనిషి, పర్మినెంటు కోసం ఎదురుచూస్తున్నాడు.

అక్క నందిగామ వచ్చింది. నేను స్కూలు పిల్లల పేపర్లు దిద్దుకుంటున్నాను. మంచం మీద కూర్చుంది. "ఆయన కాదని ఒక్క ముక్క రాసివ్వవే. నీ మాట నమ్ముతారు," అంది.

ఇన్‌ఛార్జి గారు నేర్పిన పద్ధతి ఒకటుంది. ఎవరి పేరు అడిగినా అవుననకూడదు, కాదనకూడదు. ఒకరిని కాదన్నామంటే మిగిలినవాడిని మనమే పట్టించినట్టు. అక్కకి ఇదంతా చెప్పబోతే, నీ పద్ధతులు నాకెందుకే, నా మొగుడి ఉద్యోగం గురించి మాట్లాడుతున్నా అంది. బావగారినే అడుగుదామని ఇద్దరం కలిసి ఇంటికెళ్లాం. ఆయన వరండాలో కూర్చుని షేవింగ్ చేసుకుంటున్నారు. అక్క మాట విని, అద్దంలోంచి కళ్లు తిప్పకుండానే అన్నారు.

"రాయొద్దు. నేను కాదంటే ఆ లస్కరు మీదికి పోతుంది. వాడికేం తెలుసు పాపం."

అక్క లోపలికెళ్లి తలుపేసుకుంది. ఆ తర్వాత చాలా ఏళ్లు నాతో మాట్లాడలేదు.

శాఖ రహస్యం బయటపెట్టారన్న అభియోగం మీద బావగారిని సస్పెండ్ చేశారు. అదీ వార్తే. మా ప్రాంతంలో వార్త పంపేది నేనే. సాయంత్రం కూర్చుని, ఫలానా ఇంజినీరు సస్పెన్షన్ అని హెడ్డింగు పెట్టి, కింద పొట్టిగా రాసి, పత్తి మార్కెట్టు వార్తా, చందర్లపాడులో బడిపంతుళ్ల సభ వార్తా దానితోపాటు అదే కవర్లో పెట్టి అంటించి, బస్సు దాకా నడిచి కండక్టరుకిచ్చాను. ఇంటికొచ్చి చారు కాచుకుని తిన్నాను. అప్పుడు అనుకున్నాను, ఏడుపు రేపొస్తుందేమోనని. రాలేదు.

ఎంక్వైరీ సాగి సాగి, ఆయన్ని తిరిగి తీసుకుని ఎక్కడో ఉత్తరాన కొండల వైపు పంపారు. ప్రమోషన్ రాలేదు. ఆయన తర్వాత చేరినవాళ్లు ఆయన పై ఆఫీసర్లయ్యారు. లస్కరు పర్మినెంటయ్యాడు, ఎందుకయ్యాడో అతనికి తెలియదు. అమ్మ పోయినప్పుడు అక్క వచ్చి, మూడోనాడు నా కంచంలో తనే అన్నం వడ్డించింది. బావగారు నాతో ఎప్పుడూ మామూలుగానే ఉన్నారు. రిటైరై వచ్చాక ఒకసారి ముగ్గురం ఆటోలో ఆ చెరువు పక్కగా వెళ్తుంటే ఆపమన్నారు. కట్టకి కొత్తగా రాళ్లు పరిచారు. దిగి కాసేపు చూసి, బాగా కట్టారు అన్నారు. మళ్లీ ఎక్కి కూర్చున్నారు. పశ్చాత్తాపపడ్డారా అని నేనడగలేదు. నేను పడ్డానా అంటే, అదీ చెప్పలేను. మళ్లీ అలాంటి ఆదివారం వస్తే మళ్లీ రాస్తాను, అక్క మళ్లీ తలుపేసుకుంటుంది, ఈ రెండూ నాకు బాగా తెలుసు.

ఇప్పుడు మా నందిగామలో విలేకరులకి లోటు లేదు. ఈమధ్య ఒకబ్బాయి ఫోన్లో ఏదో ఆఫీసు కాగితం చూపించాడు, మీద రహస్యం అని ముద్రా, కింద సంతకమూ స్పష్టంగా కనిపిస్తున్నాయి. అప్పటికే ఊరంతా తిరిగేసిందట. అధికారిని అడిగావా నాయనా అంటే, ఈలోపు పదిమంది పెట్టేస్తారండీ అన్నాడు. చెడ్డపిల్లాడు కాదు, అతని తొందర అతనిది. దాచిపెట్టేవాళ్లకి ఇప్పుడు దాచడం కష్టమైంది, అది మంచికే. కాని ఆ కాగితం ఫొటో తీసి పంపిన మనిషి ఎవరో, అతనికి రేపేమవుతుందో, దాన్ని ఒకరికొకరు పంపుకున్నవాళ్లెవరూ ఆలోచించినట్టు లేదు, అతనెవరో వాళ్లకి నిజంగానే తెలియదు కాబట్టి. మాకు తెలిసేది. నిజం చెప్పిన మనిషి ఇంట్లో మేము భోజనం చేసేవాళ్లం, వాళ్లావిడ కొసరి వడ్డించేది, ఆ అన్నం గుర్తొచ్చే రాసే ప్రతి మాటా తూచి రాసేవాళ్లం.