ఐస్ తీసేసిన హార్బర్‌కి మావయ్య పేరు

మా పక్కింటి మావయ్య పోయి నేటికి పంతొమ్మిది రోజులు. ఇప్పుడే రాయడానికి కారణం ఒకటే. నేను పనిచేసే గేమ్ కంపెనీ తన కొత్త ఆటను ఆయనకు అంకితం చేయబోతోంది. ఆట తెరవగానే ఆయన ఫొటో, దాని కింద "ఈ ఆటకు ప్రాణం పోసిన పెద్దాయనకు" అని ఒక వాక్యం. ఆ ఆటంటే ఆయనకు అసహ్యం. ఆ సంగతి తెలిసినవాళ్ళం ముగ్గురం: ఆయన భార్య, మా అమ్మ, నేను. ముగ్గురిలో రాయడం వచ్చింది నాకే.

ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు నడిపే మనిషిని సరంగు అంటారు. మోకాళ్ళు మొరాయించేదాకా మావయ్య సరంగు. మా నాన్న ఐస్ ప్లాంటులో దిమ్మలు తోసేవాడు, అమ్మ చేపలు ఎండబెడుతుంది. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేను. పదో తరగతిలో ఒక మాస్టారు "మీలాంటి పిల్లలకు ఇది చాలమ్మా" అని ముఖ్యమైన ప్రశ్నలు మాత్రమే ఉన్న పల్చటి గైడు ఇస్తే సంబరంగా తెచ్చి చూపించాను. మావయ్య దాన్ని అటూ ఇటూ తిప్పారు.

"మరి మిగతా పుస్తకం ఎవులికే?"

"బాగా చదివేవాళ్ళకి మావయ్యా."

"అయితే నువ్వెవులివి?"

గైడు ఆయన చేతిలోనే వదిలేసి ఇంటికొచ్చాను. తర్వాత ఆ గైడు వాళ్ళింట్లో పులుసు గిన్నె కింద కనిపించింది. నేను పుస్తకం మొత్తం చదివాను.

డిగ్రీ అయ్యాక కొండ మీద ఒక చిన్న కంపెనీలో ఆటలు పరీక్షించే ఉద్యోగం దొరికింది. అప్పుడు వాళ్ళు హార్బర్ మీద ఒక వ్యూహాల ఆట చేస్తున్నారు. నీ చేతిలో పది బోట్లుంటాయి. దేన్ని ఎంత దూరం, ఎన్ని రోజులకు పంపాలో నువ్వే తేల్చుకోవాలి. చేసినవాళ్ళు తెలివైన కుర్రాళ్ళే గానీ చేపను పళ్ళెంలో తప్ప చూడలేదు. ఎక్కువ ఐస్ వేస్తే ఎక్కువ పాయింట్లు అని పెట్టారు. నేను మావయ్యను ఆఫీసుకు తీసుకెళ్ళాను. ఆయన మౌస్‌ను ఎండ్రకాయను పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకుని, బోటు అడుగున చేపలు దాచే గది నిండా ఐస్ వేయించి, వేటకు పంపారు. వల నిండింది. ఆట చేపలన్నీ ఎక్కించుకుంది.

"గది నిండా ఐసే కదా బాబూ. సేపలెక్కడెట్టేవు? నీ నెత్తి మీదా?"

ఆ ఒక్క ప్రశ్నతో ఆట మారిపోయింది. ఐస్ ఎక్కువైతే చేపకు చోటుండదు. తక్కువైతే తిరిగొచ్చేలోగా చేప పాడవుతుంది. ఎన్నాళ్ళకు వెళ్తున్నావో జెట్టీ మీదే నిర్ణయించుకోవాలి, నడిసముద్రంలో ఐస్ దొరకదు. వయసులో ఉన్నప్పుడు ఆయనకే ఆ తప్పు జరిగింది. ఐస్ ప్లాంటు దగ్గర బోట్ల వరస పెద్దగా ఉందని విసుగొచ్చి, సగం ఐస్‌తోనే బయల్దేరారట. నాలుగు రోజులు చేప జాడ లేదు, ఐదో రోజు వల నిండా పడింది. ఒడ్డుకు చేరేసరికి చేపల కళ్ళు లోపలికి పోయాయి. మొత్తం ఎండుచేపలకు పోయింది. "సేప దొరక్క కాదే, దొరికే ఓడిపోయేను" అనేవారు.

అలాగని ఆయన చిక్కుముడుల అభిమాని కాదు. అదే ఆటలో కుర్రాళ్ళు పద్దెనిమిది రకాల వలలు పెట్టారు. నాచేత పేర్లన్నీ చదివించుకుని నవ్వారు. "మూడు వలలతో బతికీసేన్రా నాను. ఇయ్యన్నీ ఎవులి కోసం? ఆలోసించక్కర్లేంది తీసీండి. ఆలోసించాల్సింది ఉంచండి." పదిహేను వలలు ఎగిరిపోయాయి. ఆట సులువు కాలేదు, శుభ్రమైంది. మాటలన్నీ తెలుగులో వినిపించేవి కాబట్టి చేపలు ఎండే మధ్యాహ్నాలు అమ్మ కూడా ఆడేది. ఎన్నో బోట్ల సరుకు పాడుచేసింది. ఒకరోజు సరిపడా ఐస్‌తో బోటు తిరిగొస్తే వీధిలో నలుగురికీ చెప్పొచ్చింది.

ఆ ఆట రెండో భాగానికి, అంటే ఇప్పుడు మావయ్యకు అంకితం చేయబోయేదానికి, కొత్త మేనేజర్ వచ్చారు. ఆయన చేప తినరు, అది తప్పు కాదు. ఒక్కసారీ హార్బర్‌కు రాలేదు, అదీ క్షమిస్తాను. కానీ సమావేశంలో నా వైపు చెయ్యి చూపించి, "ఆట మీ అమ్మగారిలాంటి వాళ్ళకు అందాలండీ. చదువు లేనివాళ్ళు ఇన్నిన్ని ఎలా ఆలోచిస్తారు?" అన్నారు. అందరూ తలూపారు. ఐస్ పోయింది. దూరం పోయింది, రోజులు పోయాయి. వాటన్నిటి బదులు "అంతా సిద్ధం" అని ఒక పచ్చ బటన్ వచ్చింది. నొక్కితే బోటు తనే వెళ్ళి, నిండుగా వచ్చేస్తుంది. ఓడిపోదామన్నా కుదరదు. ఆలోచన పోయిన చోట టోపీలు వచ్చాయి. సరంగుకు రంగురంగుల టోపీలు మార్చుకోవచ్చు. మా హార్బర్‌లో తలకు తువ్వాలు చుట్టుకుంటారు. ఆ మాత్రం కనుక్కునే ఓపిక కూడా ఎవరికీ లేదు.

దీన్ని వాళ్ళు సరళం చేయడం అంటారు. ముల్లు తీసి పెడితే అది తినేవాడి మీద దయ. వీళ్ళు చేపనే తీసేసి, పళ్ళెం కడిగి మన ముందు పెట్టి, ఎంత తేలిగ్గా ఉందో చూడండి అంటున్నారు.

మావయ్య అప్పటికే ఆయాసంతో మంచం పట్టారు. అరుగు మీద కూర్చోబెట్టి, మేనేజర్ గారన్న మాట చెప్పి, నా ల్యాప్‌టాప్‌లో ఆట చూపించాను. పచ్చ బటన్ నొక్కారు. డప్పులు మోగాయి: "అద్భుతం! మీరు మహా సరంగు!" మళ్ళీ నొక్కారు. మళ్ళీ డప్పులు.

"ఇదేటే, నన్నెందుకు పొగుడతన్నాది? నానేటి సేసేను?"

అమ్మ చేపలు తిప్పడం ఆపి తొంగి చూసింది.

"నీ కోసమే సేసేరంటమ్మా," అన్నారు మావయ్య. "సదువు లేనోళ్ళ ఆటంట."

"ఓలమ్మో! సదువు లేదంటే బుర్ర లేదనుకున్నాడేటి ఆ బాబు? ఒకపాలి ఈ ఎండలోకి రమ్మను. ఏ సేప ఎప్పుడు తిప్పాలో సెప్పమను, సూద్దుం."

దగ్గొచ్చేదాకా నవ్వారు మావయ్య. తర్వాత ల్యాప్‌టాప్ మూసి నా ఒళ్ళో పెట్టారు. "ఇందులో నా మాట ఒక్కటీ లేదు. ఉందని సెప్పనీకు."

మర్నాడు ఆఫీసులో నేను ఆ మాట చెప్పలేదు. పరీక్ష నివేదికలో "లోపాలు లేవు" అని రాసి సంతకం పెట్టాను. అబద్ధం కాదు; ఏమీ లేనిచోట లోపం ఎక్కడుంటుంది? ఆ సంతకానికి ఈ రోజుకీ సిగ్గుపడుతున్నాను.

ఆయన పోయింది వేట నిషేధం రోజుల్లో. బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉన్నాయి కనుక హార్బర్‌లో తెలిసినవాళ్ళంతా రాగలిగారు. పదకొండో రోజు దాటాక మేనేజర్ గారు పూలదండతో, ఒక కాగితంతో వచ్చారు. ఫొటో వాడుకోవడానికి అత్తయ్య ఒప్పుకోవాలి. "చదవక్కర్లేదమ్మా, ఇక్కడ వేలిముద్ర వేస్తే చాలు" అన్నారు.

అత్తయ్య కాగితం నాకిచ్చింది. "మొత్తం సదువే."

చదివాను. ప్రతి వాక్యం దగ్గరా ఆపి అర్థం అడిగింది. మేనేజర్ గారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు. చివర అత్తయ్య ఒకటే అడిగింది: "ఈ ఆటలో ఐసు ఉన్నాదా బాబూ?"

పాత ఆట ఆడినవాళ్ళెవరూ ఐస్ కావాలని అడగలేదని, అడిగితే ఆలోచించేవాళ్ళమని ఆయన చెప్పారు. ఈ నెల ఇరవై ఐదున మళ్ళీ వస్తానని కాగితం వదిలి వెళ్ళారు. అది ఇంకా అత్తయ్య దగ్గరే ఉంది. రోజూ నన్ను అడుగుతోంది: "ఎయ్యమంటావా, వద్దంటావా?"

ఇది బయటికి వచ్చాక నా ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. మొదటి ఆట ఆడినవాళ్ళు మీలో ఉంటే ఇరవై నాలుగో తేదీలోగా నాకు రాయండి. ఎన్ని రోజుల వేటకు ఎంత ఐస్ వేశారో, ఎక్కడ తప్పారో, మళ్ళీ ఎందుకు ఆడారో రాయండి. ఐస్ అక్కర్లేదనుకుంటే అదీ రాయండి. వచ్చినవన్నీ ఒక్క వాక్యం వదలకుండా అత్తయ్యకు చదివి వినిపిస్తాను. వేలిముద్ర సంగతి ఆవిడే తేల్చుకుంటుంది.