పాస్టరమ్మకు కల చెప్పాలి

మా పాస్టరమ్మ డెల్ఫీన్ క్రౌడర్ చేతుల మీదుగా పెళ్ళి చేసుకోవాలంటే ఒకటే షరతు. రాత్రి వచ్చిన కల చెప్పాలి. ఉంగరాలు మరిచిపోయి వచ్చినా సర్దుకునేది. సాక్షి లేకపోతే పక్కనున్న టైర్ల దుకాణం నుంచి ఎవరినో ఒకరిని పిలిపించేది. పెళ్ళికొడుకు చెప్పుల్లేకుండా వచ్చినా చూసీ చూడనట్టు ఊరుకునేది. కల లేకుండా వస్తే మాత్రం పెళ్ళి లేదు.

ఇదే తీరుబడి ఉన్న ఏ పల్లెటూళ్ళోనో అయితే చెల్లిపోయేది. మాది లాస్ వేగాస్. మా వీధి చివర, కారు దిగకుండానే కిటికీలోంచి పెళ్ళి చేసి పంపించే చోటు ఒకటుంది. చేతిలో కాఫీ చల్లారేలోపు మొగుడూ పెళ్ళాలైపోతారు. అలాంటి వీధిలో, టైర్ల దుకాణానికీ తాకట్టు కొట్టుకీ మధ్య, అగ్గిపెట్టెంత పెళ్ళిళ్ళ చర్చి మాది. పేరు బ్లూబెల్. నేను అందులో ఆర్గన్ వాయించేవాణ్ణి.

"కలేం రాలేదండీ" అంటే ఆవిడ కోప్పడేది కాదు. "దానికేముంది నాయనా, ఓ కునుకు తీయండి" అని బల్లల మీద దిళ్ళు వేయించేది. నా వైపు తిరిగి, "హార్లనూ, మెల్లగా ఏదైనా వాయించు" అనేది.

బయట ఎడారి ఎండ పెనం మీద అట్టులా వీధిని మాడ్చేస్తుండేది. లోపల మాత్రం కూలర్ హోరు, చల్లటి చీకటి, రంగుటద్దాల్లోంచి పడి నేల మీద నెమ్మదిగా పాకే గులాబీరంగు వెలుగు. పెళ్ళికూతురు గౌనుతోనే ఒక బల్ల మీద, పెళ్ళికొడుకు నోరు తెరుచుకుని ఇంకో బల్ల మీద. వాళ్ళని జోకొడుతూ జోకొడుతూ నేనూ మీటల మీదే తల వాల్చేసేవాణ్ణి. ఆ మోతకి అందరూ ఉలిక్కిపడి లేచేవారు. కలలో ఏనుగు ఘీంకరించిందని చెప్పిన జంటలు మా చర్చిలో కొల్లలు.

ఒకసారి సముద్రపు దొంగల వేషాల్లో ఒక జంట వచ్చింది. అతని కంటికి నల్లగుడ్డ. ఆమె భుజాన బొమ్మ చిలుక.

"ఏం కల వచ్చింది బాబూ?" అని అడిగింది పాస్టరమ్మ.

"లిఫ్టులో ఇరుక్కుపోయానండీ. నాతోపాటు ఒక ఆవు కూడా."

"ఆవు ఏం చేసింది?"

"ఏమీ చెయ్యలేదు. నన్నే చూస్తూ నిలబడింది."

పాస్టరమ్మ కళ్ళు మూసుకుంది. "దివ్యమైన కల. ఎటూ కదల్లేని చోట నిన్ను ఓపిగ్గా చూస్తూ నిలబడే మనిషి దొరికింది నీకు."

పెళ్ళికూతురు కళ్ళు తుడుచుకుంది. "అంటే నేను ఆవునా?" అన్న సందేహం ఆమెకు ఆలస్యంగా వచ్చింది. అప్పటికే ఉంగరాలు మారిపోయాయి.

ఆవిడ స్వప్నశాస్త్రానికి తలా తోకా ఉండేది కాదు. ఒక వారం, పళ్ళన్నీ ఊడిపోయినట్టు కల వచ్చిందని ఒకతను చెబితే, "ముసలితనం దాకా కలిసి ఉంటారు" అని దీవించింది. మరుసటి వారం ఇంకో పిల్ల అదే కల చెబితే, "అబ్బే, పనికిరాదు. ఇవాళ పెళ్ళి లేదు" అని పంపించేసింది.

"మొన్న పళ్ళు శుభమన్నారుగా?" అన్నాను.

"ఆ పళ్ళు వేరు హార్లనూ."

వీధిలో ఆవిణ్ణి కలలపిచ్చి డెల్ఫీన్ అనేవారు. నేను అడ్డుచెప్పేవాణ్ణి కాదు. చెప్పడానికి నా దగ్గరేముంది?

ఒక వసంతకాలం మధ్యాహ్నం నెబ్రాస్కా నుంచి బస్సు కట్టించుకుని ఒక పెళ్ళిబృందం దిగింది. అందరికన్నా ముందు దిగింది పెళ్ళికొడుకు తల్లి ఓపల్. వెనక ఒకే రంగు టోపీలు పెట్టుకున్న మేనత్తలు. వాళ్ళందరి వెనక, ఎవరి పెళ్ళికో వచ్చినవాళ్ళలా పెళ్ళికొడుకు గ్రేడీ, పెళ్ళికూతురు టెస్సా.

"టెస్సా, నడుం నిటారుగా పెట్టు. గ్రేడీ, నవ్వు. అంత కాదు, కొంచెం తగ్గించు" అంటోంది ఓపల్.

పిల్ల మొహం సుద్దముక్కలా ఉంది. పాస్టరమ్మ ఆమె దగ్గరికి వెళ్ళింది. "రాత్రి ఏం కల వచ్చింది తల్లీ?"

"దానికి మంచి కలే వచ్చింది, మీరు కానివ్వండి" అంది ఓపల్.

"పిల్లని చెప్పనివ్వండమ్మా."

టెస్సా తల వంచుకుంది. "నేను నిద్రపోలేదండీ."

"ఇక్కడ పడుకుంటావా కాసేపు?"

"పడుకున్నా పట్టదండీ. ఈ మధ్య అసలు పట్టడం లేదు." ఆ పిల్ల చేతిలోని పూలగుత్తి రేకులు ఒక్కొక్కటే తుంచుతోంది. మేనత్తలు గుసగుసలాడుకుంటున్నారు. గ్రేడీ తల్లివైపు కాకుండా ఆ రాలే రేకులవైపే చూస్తున్నాడు.

పాస్టరమ్మ తలెత్తి చర్చి కప్పుని చూసింది. చాలాసేపు చూసింది. మేమంతా కూడా చూశాం.

"నాకిప్పుడే వచ్చింది కల," అంది చివరికి. "ఈ కప్పు మీద మూడు కాకులు వాలాయి. మూడూ ఉత్తరం వైపే చూస్తున్నాయి. ఇవాళ ఇక్కడ పెళ్ళి జరగదు."

"నీకు మతి ఉందా?" అంది ఓపల్.

"లేదమ్మా. వీధిలో ఎవర్నడిగినా చెబుతారు."

"అయితే వీధి చివర ఇంకో చోట చేయించుకుంటాం."

"కాకులంటే నాకు భయం ఓపల్," అంది ఒక మేనత్త. "మూడంటే మరీ భయం" అంది ఇంకొకావిడ. టోపీలన్నీ గుమ్మంవైపు తిరిగాయి. ఓపల్ తిట్టిన తిట్లు టైర్ల దుకాణం దాకా వినిపించాయి. పాస్టరమ్మ ఒక్కోదానికీ మర్యాదగా తలూపింది.

నేను కిటికీలోంచి చూశాను. బస్సులో టెస్సా గ్రేడీ భుజం మీద తల ఆనించింది. బస్సు మలుపు తిరక్కముందే నిద్రపోయింది. అతను ఆమె మొహం మీద ఎండ పడకుండా తన టోపీ అడ్డం పెట్టాడు.

"పొద్దుటినుంచీ మీరు నా ఎదురుగానే ఉన్నారు," అన్నాను పాస్టరమ్మతో. "రెప్ప వాల్చింది లేదు. కాకులెప్పుడొచ్చాయి?"

"నాకు పుట్టి బుద్ధెరిగాక ఒక్క కలా రాలేదయ్యా. పడుకుంటే దుంగనే."

"మరి వచ్చినవాళ్ళందర్నీ ఆ అడగడమేమిటి?"

ఆవిడ దిళ్ళు సర్దుతూ చెప్పింది. "ఈ పెళ్ళి ఇష్టమేనా అని అడిగితే అందరూ అవుననే అంటారు. పక్కన చుట్టాలుంటే ఇంకాస్త గట్టిగా అంటారు. అదే ఏం కల వచ్చిందని అడిగితే, మనిషి కాసేపు తన మాట తను మాట్లాడుతుంది. పక్కవాళ్ళు ఆ మాట వింటున్నారా, గడియారం చూసుకుంటున్నారా అన్నది నేను చూస్తాను."

"కలతో పనిలేదన్నమాట."

"వద్దనడానికి నోరు రానివాళ్ళుంటారు హార్లనూ. వాళ్ళ బదులు ఒక పిచ్చిది వద్దంటే ఎవరి పరువూ పోదు. తిట్లు నాకు, నిద్ర వాళ్ళకి."

ఆ ఇద్దరి పళ్ళ కలల్లో తేడా ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

మరుసటి వసంతంలో ఒక మధ్యాహ్నం గ్రేడీ, టెస్సా మళ్ళీ వచ్చారు. ఆమె పసుప్పచ్చ నూలు గౌను, గుడ్డ బూట్లు వేసుకుంది. అతని చొక్కా నిండా అనాసపళ్ళ బొమ్మలు. టోపీల మేనత్తలు లేరు. ఓపల్ ఒక్కతే వచ్చింది, మూతి బిగించుకుని.

"అప్పుడు కూడా ఇతనంటే ఇష్టమేనండీ," అంది టెస్సా. "నా పెళ్ళిలో నాకే చోటు లేనట్టు అనిపించింది, అంతే."

"పోనీలే తల్లీ. కల సంగతి చెప్పు."

"ఇద్దరం పెద్ద గుమ్మడికాయ మీద కూర్చుని నది దాటుతున్నామండీ."

"తెడ్డు నేనే వేస్తున్నానా?" అన్నాడు గ్రేడీ.

"వేస్తున్నావు. వెనక్కి."

ఆ పిల్ల నవ్వుతుంటే అద్దాల వెలుగు కూడా కదిలినట్టనిపించింది. పాస్టరమ్మ చేతులు రుద్దుకుంది. "ఇంతకన్నా మంచి కల నేను వినలేదు."

"నేనేమీ మాట్లాడను," అంది ఓపల్. "కూర్చోమన్నారు, కూర్చుంటాను." పాస్టరమ్మ ఆవిణ్ణి కూలర్ పక్కనున్న మెత్తటి బల్ల మీద కూర్చోబెట్టింది. తీరా నేను వాయించడం మొదలుపెట్టానో లేదో, ఓపల్ టోపీ ముక్కు మీదికి జారింది. సన్నగా గురక.

"లేపమంటారా?" అన్నాడు గ్రేడీ.

"పాపం, ప్రయాణం చేసి అలిసిపోయింది" అంది టెస్సా.

అందుకని ఆ పెళ్ళంతా గుసగుసల్లోనే జరిగింది. పాస్టరమ్మ ప్రార్థన గుసగుసగా చేసింది. వాళ్ళు ప్రమాణాలు ఒకరి చెవిలో ఒకరు చెప్పుకున్నారు. నేను ఒక్క వేలితో, దూదిని తాకినట్టు వాయించాను. ముద్దు కూడా చప్పుడు లేకుండా పెట్టుకున్నారు.

అప్పుడు ఓపల్ కళ్ళు తెరిచింది. టోపీ సర్దుకుని అందరివంకా చూసింది. "ఇంకా మొదలుపెట్టలేదా?"

"లేదత్తయ్యా," అంది టెస్సా. "మీ కోసమే చూస్తున్నాం."

ఉంగరాలు తీసి చేతిలో పెట్టుకున్నారు. పాస్టరమ్మ గొంతు సవరించుకుని, ఈసారి పైకి వినబడేలా, మొదటినుంచీ మళ్ళీ చేసింది. ఓపల్ ఒక్క ముక్క వదలకుండా విని, చివర్లో చేతిరుమాలుతో కళ్ళు ఒత్తుకుంది.

"బాగా జరిగింది," అంది. "కాకపోతే, కాస్త తొందరగా అయిపోయినట్టుంది."

పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ పాస్టరమ్మ మొహం చూశారు. పాస్టరమ్మ నా మొహం చూసింది. నేను మళ్ళీ మొదటి మీట మీద వేలు పెట్టాను.