తిరగేసి చెక్కిన పేరు

వీధి వీధంతా ఆయనను ముద్రల తాత అనే పిలిచేది. కచేరీలకూ కొట్లకూ ఇత్తడి ముద్రలు చెక్కడంలోనే ఆయన యౌవనమూ నడివయసూ కరిగిపోయాయి. ముద్ర చెక్కేవాడు అక్షరాన్ని తిరగేసి చెక్కాలి. కాగితం మీద ఒత్తినప్పుడే అది తిన్నగా నిలుస్తుంది. ఆ విద్య ఆయనకు ఎంతగా ఒంటబట్టిందంటే, సరుకుల చీటీ రాయాలన్నా ఒక క్షణం ఆగి, కలం ఎటు సాగాలో తనకు తానే చెప్పుకోవలసి వచ్చేది.

కాలిన గాయాల వార్డులో నర్సుగా పనిచేసే కోడలు ఆయనకొక పని పురమాయించింది. వార్డులోని పిల్లలకు ఏసీ పెట్టించాలి. దాతలిచ్చిన పాత వెండిని కరిగించి బిళ్లలు పోయించారు. కోరినవారికి కోరిన మాట చెక్కి అమ్మితే ఆ ఖర్చు గట్టెక్కుతుంది. ముద్రల తాత కూలి ఊసే ఎత్తలేదు. ఈశ్వరుడిచ్చిన చేయి ఈశ్వరుడి పనికే అక్కరకొచ్చిందని పొంగిపోయాడు. బిళ్లకు తెల్లపూత పూసి, దానిమీద మాటను పెన్సిలుతో తిన్నగా రాసి, కోడలికి చూపించిన తరువాతే ఉలి పట్టేవాడు.

చివరి బిళ్లకు మాత్రం ఆ జాగ్రత్త పడలేదు. మెరుగుపెట్టి వెలుగులోకి ఎత్తి చూశాడు. పేరు తిరగేసి చెక్కి ఉంది!

అది ఒక బస్సు కండక్టరమ్మ చెక్కమన్న పేరు. ఆ వార్డులోనే కన్నుమూసిన తమ్ముణ్ణి ఆమె పిలుచుకున్న ముద్దుపేరు. వెండి మిగల్లేదు. అరగదీసి మళ్లీ చెక్కుదామంటే బిళ్ల పలుచన, చిల్లు పడుతుంది. ఆమె డ్యూటీ దిగి వచ్చే వేళ కానే అయింది.

ఆయన లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. బిళ్ల ఎక్కడో జారిపోయిందని బొంకితే? ఆ ఊహ వచ్చినందుకే సిగ్గుపడి స్తోత్రం అందుకున్నాడు. నోరు శ్లోకం మీద ఉంది, చెవులు గుమ్మం మీద ఉన్నాయి.

"మామయ్యగారూ, గచ్చు అరిగిపోతోంది. కాస్త కూర్చోండి."

"ఎలా కూర్చోమంటావమ్మా? పోయినవాడి పేరుతో ఆటలాడాను."

"ఉన్న మాట చెప్పేద్దాం."

"చెప్పి? ముసలి చెయ్యి పాత దారి పట్టింది, నువ్వే సర్దుకో అనాలా?"

"ఆ మాటే అనండి. కాకపోతే ఇలా అరవకండి."

ఇంతలో కండక్టరమ్మ రానే వచ్చింది. భుజాన సంచీ ఇంకా దింపలేదు. కూర్చోమనైనా అనకుండా ఆయన బిళ్లను ఆమె చేతిలో పెట్టేశాడు.

"తప్పు చేశానమ్మా. ముద్రలు చెక్కిన చెయ్యి, అలవాటులో తిరగేసి చెక్కేసింది. నీ డబ్బు నేనిచ్చుకుంటాను."

ఆమె బిళ్లను అటూ ఇటూ తిప్పింది. "నాకే చదవడం రావట్లేదేంటి తాతగారూ?" అంది. ఆయనకు తల కొట్టేసినట్లయింది. ఆమె ఏమనుకుందో, బిళ్లను మణికట్టు మీద పెట్టి బొటనవేలితో గట్టిగా అదిమింది. తీసి చూస్తే చర్మం మీద పేరు తిన్నగా తేలింది; చూస్తుండగానే మాసిపోయింది. ఆమె మళ్లీ అదిమింది.

అప్పుడు భుజాన సంచీ దింపింది. "బస్సులో రోజంతా జనం మీదమీద పడుతుంటారు. ఎవడో ఒకడు చదువుతాడు. ఎవరక్కా ఈయన అంటాడు. టిక్కెట్లు కొడుతూ ఏం చెప్పను? అందుకే చొక్కా లోపల దాచుకుందామనుకున్నా."

"మరి ఇప్పుడో?"

"పైనే వేసుకుంటా. చదవమనండి చూద్దాం!"

ఆయన మనసు కుదుటపడలేదు. "నన్ను ఓదార్చడానికి అంటున్నావమ్మా నువ్వు."

"పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నాను తాతగారూ. మిమ్మల్ని ఓదార్చే ఓపిక నాకెక్కడిది? గొలుసు తగిలించండి."

ఆయన గొలుసు అందుకున్నాడు. కొక్కెం ఎంతకూ పడలేదు. ఆమె మెడ వంచి అలాగే నిలబడింది.