గంప కింద ఓమా కోళ్ళు

ఆ రోజుల్లో నాకు చాలా పనులు రావు గానీ, 'నాకు రాదు' అని చెప్పడం అసలే రాదు. అది మా సాఫ్ట్‌వేర్ వాళ్ళందరికీ ఉన్న జబ్బే. ఎవరేం అడిగినా ముందు నోరు 'నో ప్రాబ్లం' అనేస్తుంది, ఆ తర్వాత తీరిగ్గా తల పట్టుకుంటాం. జర్మనీలోని కార్ల్స్‌రూహెలో మొదటి ఉద్యోగం చేస్తున్న కాలంలో ఆ జబ్బే నన్ను అయిదు కోళ్ళకు సంరక్షకుణ్ణి చేసింది. అప్పటిదాకా నేను కోడిని కూరలో తప్ప దగ్గర్నుంచి చూసిన పాపాన పోలేదు.

ట్రామ్ ఆఖరి స్టాపున్న ఊళ్ళో ఒక పెద్దావిడ ఇంటి మేడగదిలో అద్దెకుండేవాణ్ణి. ఊరంతా ఆమెను ఓమా అనేది, అంటే మామ్మ. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. భర్త పోయాక ఆమె ఆ ఇంట్లో ఒంటరిగా ఉంటూ, పొద్దున లేచింది మొదలు పెరట్లో కోళ్ళతోనే కబుర్లు చెప్పుకునేది. అంతకు ముందు ఏడాది మార్డర్ అనే జంతువు గూట్లో దూరి ఒక్క రాత్రిలో అప్పుడున్న కోళ్ళన్నిటినీ చంపి పోయిందట, ఈ అయిదూ ఆ తర్వాత తెచ్చుకున్నవి. (మార్డరంటే మన ముంగిసకు కుచ్చు తోక తగిలించి, మెడ కింద తెల్ల రుమాలు కట్టినట్టుంటుంది. చూడ్డానికి పెద్దమనిషే, బుద్ధులు మాత్రం పరమ నికృష్టం.) పట్నంలో ఉండే ఆమె కొడుక్కి ఆ కోళ్ళంటే మొదట్నుంచీ పడదు. గూడు పీకించి, అక్కడ తన కారుకి షెడ్డు వేయించాలని అతని కోరిక. ఓమాకు మోకాలి ఆపరేషను, ఆ తర్వాత కొన్ని వారాలు రిహాబ్‌లో నడక సాధన అని తేలగానే అతను అవకాశం చూసి మాట తీసుకున్నాడు. "అమ్మా, నువ్వు తిరిగొచ్చేలోగా ఒక్క కోడి పోయినా సరే, గూడు తీసేస్తాను. ఇక కోళ్ళ ఊసెత్తకూడదు." ఓమా మొహం చిన్నబోయింది. ఒప్పుకుని, నా వైపు తిరిగి, "నువ్వు చూసుకుంటావుగా అబ్బాయ్?" అంది. నో ప్రాబ్లం అన్నాను.

ఆమె ఆసుపత్రికి వెళ్ళిన మర్నాడే ప్రాబ్లం వచ్చింది. పొద్దున చూస్తే గూటి కప్పు మీద చెక్క గీరేసి ఉంది. లోపల అయిదు కోళ్ళూ ఒక మూల ఒకదాని మీద ఒకటెక్కి వణుకుతున్నాయి. గుడ్డు పెట్టడం మానేశాయి, గింజలు కూడా సరిగ్గా ముట్టలేదు. పక్కింటాయన కంచె మీదుగా తొంగిచూసి, ఈ దేశంలో మార్డర్‌కి ఉన్న వైద్యాలన్నీ ఏకరువు పెట్టాడు. టాయిలెట్‌లో పెట్టే వాసన బిళ్ళలు గూటి చుట్టూ వేలాడదీశాం. కుక్క బొచ్చు మూటకట్టి పెట్టాం. మనుషులకు వినపడని కూత పెట్టే యంత్రం ఒకటి ఆయనే తెచ్చి బిగించాడు. మార్డర్ రాత్రి వచ్చి, సరిగ్గా ఆ యంత్రం మీదే కూర్చుని దొడ్డికి పోయి వెళ్ళింది. "దీన్ని పట్టేద్దామా?" అంటే, "అమ్మో, దానికి వేట లైసెన్సు కావాలి" అన్నాడాయన. ఆ దొంగముండాకొడుక్కి కోళ్ళను చంపడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు కాబోలు! ఓమా రోజూ ఫోన్‌ చేసి ఒక్కొక్క కోడినీ పేరుపేరునా అడిగేది. బాగున్నాయి ఓమా అనేవాణ్ణి గానీ, గొంతు నాకే నచ్చేది కాదు.

ఇక లాభం లేదని కరీంనగర్‌లో అమ్మకు వీడియో కాల్ చేశాను. అంతా విని అమ్మ నెత్తి కొట్టుకుంది. "ఏందిరా, మనిషివేనా నువ్వు? కోళ్ళను గూట్ల ఇడిశిపెట్టి మీదికి పోయి పండుకుంటున్నవా? ఇంట్లకు తెచ్చి గంప కింద కమ్మాలె గదరా!"

"ఈడ గంపలు యాడ దొరుకుతయమ్మా?"

"బట్టలేసుకునే బుట్ట లేదా? దాన్నే బోర్లియ్యి, మీద రాయి వెట్టు. ఆ మానుపిల్లి తాతను రమ్మను, ఏం పీక్కుంటదో సూస్త!"

ఇంత చదువూ చదివి నాకు తట్టనిది అమ్మకు కూరగాయలు తరుగుతూనే తట్టింది. ఓమా ఇంటి వెనక బట్టలుతికే గది ఒకటుంది. గచ్చు నేల, గట్టి తలుపు. ఊళ్ళో దుకాణానికి పోయి ప్లాస్టిక్ బట్టల బుట్టలు కొన్నాను. (అన్నెందుకని కౌంటరమ్మాయి అడిగితే, బట్టలెక్కువన్నాను.) ఇక కోళ్ళను పట్టడమే మిగిలింది. పెరట్లో వాటి వెంట పరుగెడుతుంటే పక్కింటాయన కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చున్నాడు. వాటిలో పెద్దదానికి నేను పటేలమ్మ అని పేరు పెట్టుకున్నాను. అది చివరిదాకా ఊరించి చేతిలోంచి జారి, నన్ను బురదలో పడేసి, కంచె మీదెక్కి కూర్చుంది. జేబులో ఫోన్‌లోంచి అమ్మ అరుస్తోంది. "పొద్దుగూకినంక పట్టురా! అప్పుడు కోడికి కండ్లు కనవడయ్."

"జూన్‌ల ఇక్కడ పొద్దు పది దాకా గూకదమ్మా!"

"అదేం దేశంరా అయ్యా!"

అమ్మ ఆ మాట అనగానే నా బుర్ర వెలిగింది. పొద్దు గూకకపోతే నేనే గూకిస్తా అనుకున్నాను. జర్మనీ ఇళ్ళ కిటికీలకు రోలాడెన్ అని పైనుంచి దించే షట్టర్లుంటాయి. అవి దించితే మిట్టమధ్యాహ్నం కూడా అమావాస్యే. బట్టల గదిలోకి బియ్యం గింజలు చల్లుకుంటూ పోతే కోళ్ళు ఒక్కొక్కటే వెంట వచ్చాయి. తలుపేసి, బర్రున షట్టర్ దించాను. అంతే, గది మొత్తం గప్‌చుప్! సెల్‌ఫోన్ సన్నటి వెలుగులో ఒక్కోదాన్నీ చంకలో పెట్టుకుని పాత పేపర్ల మీద దించి, బుట్ట బోర్లించి, మీద ఇటుక పెట్టాను. పటేలమ్మ కూడా కిక్కురుమనలేదు. అప్పట్నుంచి పగలు పెరట్లో వదలడం, సాయంత్రం ఇలా కమ్మడం, రోజూ అదే పని. వారం తిరక్కుండానే బుట్ట కింద గుడ్లు కనిపించడం మొదలైంది. మొదటి గుడ్డును కెమెరా ముందు పెట్టి అమ్మకు చూపించాను. "ఇగ సూడు" అంది అమ్మ, తనే పెట్టినంత గర్వంగా.

ఓమాను తీసుకురావడానికి కొడుకు ముందురోజు సాయంత్రమే వచ్చాడు. అప్పటికే నేను కోళ్ళను కమ్మేశాను. అతను అడగలేదు, నేను చెప్పలేదు. కారు తెచ్చి సరిగ్గా గూటి పక్కన, షెడ్డు కట్టబోయే చోటే పెట్టుకుని పడుకున్నాడు. పొద్దున అతని కేకకు నిద్ర లేచాను. గూటి కప్పు చెక్క సాంతం ఊడి వేలాడుతోంది, లోపల గడ్డి తప్ప ఏమీ లేదు. "చెప్పానా! ఒక్కటి కూడా మిగల్లేదు. అమ్మకు ఇప్పుడే ఫోన్ చేస్తాను" అంటున్నాడు. బాధపడుతున్నాడని అందామంటే మొహంలో ఎక్కడా జాడ లేదు. ఒక్క నిమిషం రమ్మని అతన్ని బట్టల గదికి తీసుకెళ్ళి, షట్టర్ పైకి లాగి, ఒక్కొక్క బుట్టే ఎత్తాను. అయిదూ రెక్కలు దులుపుకుంటూ లేచాయి. పటేలమ్మ అతని బూట్ల మీదుగానే నడిచి పెరట్లోకి పోయింది. అతను బూట్లు దులుపుకున్నాడు. చివరికి, "బట్టలుతికే గదిలో కోళ్ళేమిటి!" అన్నాడు.

చరచరా వెళ్ళి కారు స్టార్ట్ చేశాడు. అది దగ్గిందే తప్ప కదల్లేదు. పక్కింటాయన వచ్చి బానెట్ ఎత్తి చూసి తల అడ్డంగా ఊపాడు. రాత్రి గూట్లో ఏమీ దొరక్క, మార్డర్ ఆ కోపమంతా కారు వైర్లు కొరికి తీర్చుకుంది. ఎంత ఆపుకున్నా నాకు నవ్వాగలేదు.

ఓమా టాక్సీలో వచ్చింది. చేతికర్రతో కుంటుకుంటూ నేరుగా పెరట్లోకి నడిచి బెంచీ మీద కూర్చుంది. కోళ్ళు ఆమె కాళ్ళ చుట్టూ చేరాయి. ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలుస్తుంటే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నాకూ తిరిగాయి. గంపల సంగతంతా చెప్పాను. విని, బానెట్ తెరిచిన కారునీ, దాని పక్కన ఫోన్‌లో మెకానిక్‌ని బతిమాలుకుంటున్న కొడుకునీ చూసింది. "వినరా, షెడ్డెందుకు? నీ కారుకి సరిపోయే గంప ఒకటి కొనమని ఈ అబ్బాయికి చెబుతాను" అంది. పక్కింటాయన నవ్వు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. గూడు పీకే మాట ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాత ఎన్నో ప్రాజెక్టులు ముగించాను, పెద్ద పెద్ద మీటింగుల్లో చప్పట్లూ కొట్టించుకున్నాను. కానీ ఆ పూట బురద బూట్లతో, చంకలో ఖాళీ బట్టల బుట్టలతో, యుద్ధం గెలిచినవాడిలా ఆ పెరట్లో ఛాతీ విరుచుకుని నడిచిన కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నిజం చెప్పొద్దూ, వాణ్ణి చూస్తే కాస్త ఈర్ష్యగా కూడా ఉంటుంది.