వంటమేస్త్రికి పోయిన ఆకలి

కార్ఖానా క్యాంటీనులో మూడొందల మందికి వండి పెట్టే వంటమేస్త్రికి నెల రోజులుగా ఆకలి లేదు. రెండు ముద్దలకే చెయ్యి కడిగేసుకుంటున్నాడు. కడుపులో రాచపుండుతో పోయిన అతని అన్నయ్య కూడా మొదట్లో ఇలాగే పళ్ళెం పక్కకు జరిపేవాడు. అది గుర్తొచ్చినప్పుడల్లా మేస్త్రి గుండెల్లో రాయి పడేది. ఎవరికీ చెప్పలేదు. అదే వంటింట్లో కూరగాయలు తరిగే భార్య కనిపెట్టి, డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది.

పరీక్షలయ్యాయి. రిపోర్టులు తిరగేస్తున్న డాక్టరమ్మ ముఖం వంకే చూస్తూ, చెమటలు కక్కుతూ కూర్చున్నాడు.

"ఏ పుండూ లేదు. పొద్దుట్నుంచి ఏం తిన్నారు?"

"పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదండీ."

"అబ్బో! మరి ప్రతి గుండిగలోంచీ తీసి నోట్లో వేసుకున్నదో?" అంది భార్య. "ఈ నెల రోజుల్నుంచీ ఒక్కో కూర నాలుగుసార్లు రుచి చూస్తున్నారమ్మా ఈయనగారు."

"అది పనే! తిండెలా అవుతుంది?"

డాక్టరమ్మ నవ్వింది. "ఆ తేడా మీ పొట్టకి తెలీదు మేస్త్రిగారూ. అది ఖాళీ అవుతుంటేనే ఆకలని కబురు పంపేది. మీరు దాన్ని ఖాళీ కానిస్తేగా!"

అయినా అతనికి నమ్మకం కుదరలేదు. మర్నాడు గరిటె భార్య చేతికిచ్చి, వాసనతోనే పాళ్ళు అంచనా వేస్తూ నిలబడ్డాడు. మధ్యాహ్నానికి కడుపులో ఏదో గుర్రుమని మెలితిప్పింది. అతనికి పైప్రాణాలు పైనే పోయాయి.

"ఏమే, లోపలేదో అయింది!"

"అయ్యేదేముందండీ, ఆకలి. కూర్చోండి."

మొదటి ముద్ద భయంతోనే మింగాడు. నాలుగో ముద్దకు గానీ రుచి తెలియలేదు. అప్పుడు, కూరలో ఉప్పు చిటికెడు తగ్గిందని భార్యకు చెప్పి, మళ్ళీ వడ్డించమన్నాడు.